తాళము వేసిన పలకలు

ప్రయోగశాలకు కొత్తగా ఒక సూక్ష్మదర్శిని వచ్చినదనుకొందము. ప్రధానోపాధ్యాయుడు దానిని స్టాకు రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టించి, తాళము వేయించును. సూక్ష్మదర్శిని భద్రముగా ఉండును. కాని ఆ బీరువా తెరువనంతకాలము ఏ విద్యార్థియు ఉల్లిపొరలోని కణమును చూడజాలడు. వస్తువు పగిలినచో ఎవరు జవాబు చెప్పవలెనను భయము తాళమును బిగించుచుండును. ఉపకరణమును కాపాడుట ఒక పని. దానితో చదువు చెప్పుట మరియొక పని. మొదటిది జరిగినచో రెండవదియు జరిగినట్లేయని తలచుట పాఠశాలలకు పాత అలవాటు.

కంప్యూటరు, టాబ్లెటు, సెల్‌ఫోను వచ్చిన తరువాత ఈ అలవాటు కొత్త రూపము తాల్చినది. ఇవి బీరువాలో ఉండిపోవు వస్తువులు కావు. విద్యార్థి సంచిలో ఇంటికి పోవును. ఇంటినుండి ప్రపంచమంతటితో సంబంధము పెట్టుకొనును. కనుక వీనికి ఇనుప తాళమునకు బదులు కంటికి కనబడని తాళమును వేయుచున్నారు. ఆ తాళము ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, దాని చెవి ఎవరిచేతిలో ఉండవలెను అను ప్రశ్నలు నేడు ప్రతి పాఠశాల ముందు, ప్రతి ఇంటి ముందు నిలిచియున్నవి.

వీనిని విచారించుటకు ఆధారముగా ఒక గ్రంథమున్నది. అది 2023 జూలైలో యునెస్కో వెలువరించిన ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక. విద్యలో సాంకేతిక పరిజ్ఞానము ఎవరి షరతులపై నడచు పనిముట్టు అను ప్రశ్ననే అది తన పేరుగా పెట్టుకొన్నది. ప్రశ్న చక్కనిది. దానికి నివేదిక ఇచ్చిన సమాధానము ఒక ఉన్నత పాఠశాలకు ఎంతవరకు చాలునో పరీక్షించి చూడవలసియున్నది.

నివేదికలోని బలము

ఈ నివేదిక యంత్రములను పొగడుటకుగాని, తెగడుటకుగాని పూనుకొనలేదు. ఏ సాధనమునైనను నాలుగు గీటురాళ్ళపై గీసి చూడుమని చెప్పినది. అది ఆ చదువుకు తగినదా? అందరికిని సమముగా అందునా? కొలది పాఠశాలలలో నెగ్గినది వేల పాఠశాలలలో నెగ్గునా? మొదటి ఉత్సాహము, మొదటి పెట్టుబడి తీరిపోయిన తరువాత కూడ అది నిలుచునా? ఈ నాలుగు ప్రశ్నలను ఒక ప్రధానోపాధ్యాయుడు తన గదిలో కాగితముపై వ్రాసి పెట్టుకొన్నను ఉపయోగమే.

సాక్ష్యముల విషయములో కూడ నివేదిక నిర్మొగమాటముగా మాటలాడినది. బ్రిటనులో విద్యా సాంకేతిక సంస్థలను విచారింపగా, తమ వస్తువును శాస్త్రీయముగా, అనగా యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న రెండు వర్గములను పోల్చి, పరీక్షించినవి నూటికి 7 మాత్రమేనని తేలినది. అమెరికాలో పాఠశాలలు కొనిన విద్యా సాఫ్ట్‌వేరు లైసెన్సులలో నూటికి 67 వాడకయే మిగిలిపోయినవని ఒక విశ్లేషణను చూపినది. మందు అమ్మువాడు ముందుగా దానిని పరీక్షించి చూపవలెనని అడుగు సమాజము, పాఠము అమ్మువానిని అట్లు అడుగుటలేదు. ఈ సంగతిని గట్టిగా చెప్పుట నివేదిక చేసిన మేలు.

పిల్లల రహస్యముల విషయములోను దాని హెచ్చరిక విలువైనది. కరోనా కాలములో ప్రభుత్వములు సిఫారసు చేసిన 163 విద్యా సాధనములలో నూటికి 89 పిల్లలపై నిఘాపెట్టగల శక్తి కలిగియున్నవని అది చెప్పినది. విద్యారంగములో సమాచార గోప్యతకు చట్టము ద్వారా స్పష్టమైన హామీ ఇచ్చిన దేశములు నాటికి నూటికి 16 మాత్రమే. పాఠశాలలలో సెల్‌ఫోనును చట్టము ద్వారాగాని, ప్రభుత్వ విధానము ద్వారాగాని నిషేధించినవి నాలుగింట ఒకవంతుకంటె తక్కువ. ఆ తరువాత నిషేధించిన దేశములు త్వరితముగా పెరిగినవి.

ఇంతవరకు బాగుగానే ఉన్నది. కాని నివేదిక సలహాలు ప్రధానముగా ప్రభుత్వములను ఉద్దేశించినవి. ప్రభుత్వము టాబ్లెటు కొనవలెనా, వద్దా అని అది ఆలోచించును. కొనిన టాబ్లెటు సోమవారము ఉదయము పాఠశాలకు వచ్చిన తరువాత, దానిలో ఏది తెరువవలెను, ఏది మూయవలెను, ఎవరు నిర్ణయింపవలెను అను నిత్యవ్యవహారము దాని చూపునకు దూరముగా నిలిచిపోయినది. షరతులు చట్టములలో వ్రాయబడును గాని, అమలు జరుగునది ఆ తాళములోనే. కనుక తాళము ఎట్లు పనిచేయునో తెలిసికొనక, ఎవరి షరతులు అను ప్రశ్నకు పూర్తి సమాధానము దొరకదు.

తాళము పనిచేయు విధము

పాఠశాల ఇచ్చు టాబ్లెటును మొదట ఒక నిర్వహణ కేంద్రములో నమోదు చేయుదురు. అప్పుడు టాబ్లెటులో ఒక నిర్వహణ పత్రము చేరును. ఆ పత్రము ఉన్నంతకాలము కేంద్రములోని కంప్యూటరు దానికి ఆజ్ఞలు పంపగలదు: ఫలానా పాఠమును చేర్చుము, కెమెరాను ఆపుము, కొత్త అనువర్తనములను చేర్చనీయకుము, పోయినచో మొత్తమును తుడిచివేయుము. టాబ్లెటు ఇంటర్నెట్టుతో కలిసినప్పుడు ఆ ఆజ్ఞలను అందుకొని పాటించును. వేలకొలది టాబ్లెటులను ఒక్కరే ఒక గదిలో కూర్చుండి నడపగలుగుట ఈ ఏర్పాటు వలననే.

రెండవ భాగము జల్లెడ. విద్యార్థి ఒక స్థానమును కోరినప్పుడు, టాబ్లెటు ముందుగా ఆ స్థానపు పేరునకు సంబంధించిన చిరునామాను అడుగును. జల్లెడ ఆ పేరును తన పట్టికతో సరిచూచి, నిషిద్ధమైనచో చిరునామా ఇయ్యదు. ఇందులో గమనింపవలసిన సంగతి ఒకటున్నది. నేడు ఇంటర్నెట్టుపై ప్రయాణము చేయు సమాచారములో చాలభాగము గూఢలిపిలో ఉండును. కవరుపైనున్న ఊరిపేరు తపాలావానికి కనబడును గాని, లోపలి ఉత్తరము కనబడదు. అట్లే సాధారణమైన జల్లెడకు స్థానము పేరు తెలియును. లోపలి విషయము తెలియదు. ఒకే వీడియో స్థానములో కాంతివిద్యుత్ ఫలితముపై ఉత్తమమైన పాఠముండవచ్చును, పిల్లలు చూడరాని దృశ్యమును ఉండవచ్చును. జల్లెడ రెండింటిని కలిపి మూయును, లేదా రెండింటిని కలిపి తెరచును. ఉత్తరమును విప్పి చదువు జల్లెడలు కూడ ఉన్నవి. కాని అవి పాఠశాలకు అక్కరలేని విషయములను సైతము చదువగలవు.

దీనినిబట్టి రెండు సంగతులు తేటపడుచున్నవి. తాళము ఉపకరణమునకు వేయబడినదేగాని విద్యార్థికి కాదు. పక్కింటి ఫోనుకు ఆ తాళముండదు. తాళము పేర్లను వేరుచేయగలదేగాని మంచిచెడ్డలను వేరుచేయలేదు. ఆ తీర్పు చెప్పవలసినవాడు మనుష్యుడే. ఆ మనుష్యుడెవరు?

వదులైన తాళము, గట్టి తాళము

2013లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగర పాఠశాలా మండలి ఒక పెద్ద పథకమును ఆరంభించినది. సుమారు 6 లక్షల 50 వేల మంది విద్యార్థులలో ప్రతి ఒక్కరికి ఐపాడ్ ఇయ్యవలెనని తలచినది. ఉపకరణములకు, ఇంటర్నెట్టు ఏర్పాట్లకు కలిపి అంచనా సుమారు 130 కోట్ల డాలర్లు. మొదట 47 పాఠశాలలలో పంపిణీ మొదలుపెట్టిరి. కొలదివారములలోనే మూడువందలకు పైబడిన ఉన్నత పాఠశాల విద్యార్థులు తాళమును దాటిపోయిరి. వారు గొప్ప గూఢవిద్య ఏదియు ప్రయోగింపలేదు. టాబ్లెటులోని అమరికలను తెరచి, అందులోని నిర్వహణ పత్రమును తొలగించిరి. పత్రము పోగానే జల్లెడ పోయినది. మండలి ఆ టాబ్లెటులను ఇంటికి తీసికొనిపోవుటను ఆపివేసినది. 2014 ఆగస్టులో ఒప్పందమే నిలిపివేయబడినది. కొనుగోలు జరిగిన తీరుపై వచ్చిన ఆరోపణలు దానికి ముఖ్య కారణము.

నాడు చాలమంది పిల్లలను నిందించిరి. మరికొందరు సాఫ్ట్‌వేరును నిందించిరి. అసలు లోపము ఇంకను లోతైనది. ఇంటికి ఇచ్చిన పరికరముతో ఇంటిలో ఏమి చదువవలెనో పిల్లలకు తెలియకముందే, ఏమి చేయరాదో మాత్రము తాళము చెప్పినది. ఏమి చేయవలెనో చెప్పని తాళము, తెరువదగిన పొడుపుకథవలె కనబడును. పదునైన బుద్ధి కలిగిన పిల్లవాడు దానిని విప్పకుండ ఊరకుండడు. నిజమునకు పత్రమును తొలగించుట విద్యార్థులు ఆ పరికరముపై చేసిన మొదటి స్వతంత్ర పరిశోధనయని చెప్పవచ్చును!

దీనికి విరుగుడు తాళమును బిగించుటయే కదాయని తోచును. తరువాతి కాలములో అట్లే జరిగినది. విద్యార్థి తొలగింపలేని నిర్వహణ పత్రములు వాడుకలోనికి వచ్చినవి. కాని గట్టి తాళమునకు వేరొక అపాయమున్నది. ఆ అపాయము లాస్ ఏంజిలిస్ సంఘటనకు మూడేండ్లు ముందే అదే దేశములో బయటపడినది.

పెన్సిల్వేనియా రాష్ట్రములో ఫిలడెల్ఫియా దగ్గర లోయర్ మెరియన్ అను పాఠశాలా మండలి 2,000కు పైగా లాప్‌టాప్‌లను ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఇచ్చినది. అవి దొంగిలింపబడినచో కనుగొనుటకై వానిలో ఒక ఏర్పాటుండెను. దానిని దూరమునుండి మొదలుపెట్టినచో, లాప్‌టాప్‌లోని కెమెరా పదునైదు నిమిషములకు ఒకసారి ఎదుటనున్న దృశ్యమును చిత్రించి, తెరపైనున్న దానిని కూడ చిత్రించి కేంద్రమునకు పంపును. ఈ సంగతి విద్యార్థులకు, తలిదండ్రులకు సరిగా తెలుపలేదు. కొన్ని సందర్భములలో వస్తువు దొరికిన తరువాత కూడ ఆ పహరా ఆపబడలేదు. 2010 ఫిబ్రవరిలో ఒక విద్యార్థి కుటుంబము న్యాయస్థానమునకు పోయినది. విద్యార్థి తన ఇంటిలో మాత్రలవంటివేవో పట్టుకొనియున్న చిత్రమును చూపి పాఠశాల అతనిని అనుమానించినదని వారి ఫిర్యాదు. అవి మిఠాయిబిళ్ళలని వారు చెప్పిరి. విచారణలో యాభైవేలకు మించిన చిత్రములు బయటపడినవి. నేరము మోపబడలేదుగాని, అదే సంవత్సరము అక్టోబరులో మండలి 6 లక్షల 10 వేల డాలర్లు చెల్లించి రాజీపడినది.

ఇచ్చట దొంగను పట్టుకొనుటకు పెట్టిన కన్ను పిల్లవాని పడకగదిలో తెరుచుకొన్నది. ఎవరును దురుద్దేశముతో ఆ పని చేసినట్లు తేలలేదు. కన్ను ఎప్పుడు తెరువవలెను, ఎవరి అనుమతితో తెరువవలెను, ఎప్పుడు మూయవలెను అను నియమము వ్రాసియుండకపోవుటయే అసలు దోషము. లాస్ ఏంజిలిస్‌లో తాళము వదులు. లోయర్ మెరియన్‌లో తాళము అవసరమునకు మించి గట్టిది. రెండు చోట్లను లేనిది ఒక్కటే: ఉపాధ్యాయుడు, విద్యార్థి, తలిదండ్రులు కలిసి తెలిసి ఒప్పుకొన్న షరతు.

బడిగంట తరువాత

ఫోనును పాఠశాలలో నిషేధించినచో చిక్కు తీరునని కొందరి అభిప్రాయము. దీనిలో సత్యము లేకపోలేదు. 2022లో జరిగిన అంతర్జాతీయ పిసా పరీక్షలో, ఓఇసిడి దేశముల విద్యార్థులు సగటున నూటికి 65 మంది గణితపు తరగతులలో కొన్నింటియందైనను డిజిటల్ పరికరముల వలన తమ దృష్టి చెదరుచున్నదని చెప్పిరి. ఇంగ్లండులోని నాలుగు నగరములలో 91 పాఠశాలలను పరిశీలించి బెలాండ్, మర్ఫీ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిన పరిశోధనలో, నిషేధము తరువాత పరీక్షాఫలితములు కొంత మెరుగుపడెను. ఆ మేలు ముఖ్యముగా చదువులో వెనుకబడినవారికే కలిగినది. ముందున్న విద్యార్థులలో మార్పు కనబడలేదు. తనను తాను అదుపులో పెట్టుకొనలేని విద్యార్థికి బయటి అదుపు తోడ్పడునని దీని అర్థము.

కాని 2025లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన ఫలితములను దీని పక్కన పెట్టి చూడవలెను. వారు 30 పాఠశాలలలో 12 నుండి 15 ఏండ్ల వయస్సుగల 1,227 మంది విద్యార్థులను పరిశీలించిరి. ఫోనును కట్టుదిట్టము చేసిన పాఠశాలల పిల్లల మానసిక స్వస్థత, అట్లు చేయని పాఠశాలల పిల్లలకంటె మెరుగుగా లేదు. దినము మొత్తముమీద వారు ఫోనుపై గడపు కాలమును తగ్గలేదు. ఫోనుపై ఎక్కువకాలము గడపువారి నిద్ర, నడవడి, స్వస్థత మాత్రము తక్కువస్థితిలో ఉన్నవని కూడ అదే పరిశోధన చూపినది. ఈ రెండు పరిశోధనలు ఒకదానినొకటి ఖండించునవి కావు. మొదటిది పాఠశాల గంటలను కొలిచినది; రెండవది దినమంతటిని కొలిచినది. పాఠశాలలో మూసిన తలుపు ఇంటిలో తెరుచుకొనుచున్నది. కనుక నిషేధము పాఠమును కాపాడవచ్చును గాని, పిల్లవానిని కాపాడుటకు అది ఒక్కటే చాలదు.

భారతదేశపు పల్లెలలో ఈ ఇంటి భాగము ఎట్లున్నదో 2024 అసర్ సర్వే చూపినది. 14 నుండి 16 ఏండ్ల వయస్సుగల పిల్లలలో నూటికి 82 మందికి స్మార్టుఫోను వాడుట తెలియును. అంతకు ముందు వారములో చదువుకై వాడినవారు నూటికి 57 మంది; సామాజిక మాధ్యమములకై వాడినవారు 76 మంది. వాడుట తెలిసినవారిలో సొంత ఫోనుగల బాలురు నూటికి 36 మంది కాగా, బాలికలు 27 మంది. ఈ చివరి అంకెలను నిర్వహణ గురించి మాటలాడువారు మరువరాదు. ఒక ఇంటిలో కొడుకు చేతినుండి ఫోనును ఎట్లు విడిపింపవలెనను బాధ ఉండగా, మరియొక ఇంటిలో కూతురి చేతికి ఒక గంటసేపైనను ఫోను ఎట్లు అందింపవలెనను బాధ ఉన్నది. రెండింటికి ఒకే తాళము మందు కాదు.

ఆంధ్రప్రదేశ్ టాబ్లెటులు

ఈ విచారమునకు తెలుగునాట ఒక పెద్ద ఉదాహరణమున్నది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు టాబ్లెటుల పంపిణీని ప్రారంభించినది. ప్రకటించిన సంఖ్య 5 లక్షల 18 వేలకు పైగా. బైజూస్ సంస్థ పాఠములను వానిలో ముందుగనే నింపిరి. అనవసర విషయములు తెరువబడకుండ నిర్వహణ సాఫ్ట్‌వేరును ఏర్పాటు చేసిరి. 2023 డిసెంబరులో ఆ ఏటి 8వ తరగతి విద్యార్థులకు రెండవ పంపిణీ జరిగినది.

యునెస్కో నాలుగు గీటురాళ్ళపై దీనిని గీసి చూచినచో మెచ్చదగినవి, విమర్శింపదగినవి రెండును కనబడును. పాఠములు టాబ్లెటులోనే నిక్షిప్తమగుటచే ఇంటిలో ఇంటర్నెట్టు లేని పిల్లవానికిని అవి అందినవి. సర్కారుబడిలో చదువు బాలికకు, ఇంటిలో అన్నను అడుగనక్కరలేని ఒక పరికరము ఆమె పేరుమీద వచ్చినది. సమత్వమను గీటురాయిపై ఇది చిన్న సంగతి కాదు. కాని నాలుగవ గీటురాయి, అనగా నిలుకడ, కఠినమైనది. పాఠములు ఇచ్చిన ఆ సంస్థపై 2024 జూలైలో దివాలా ప్రక్రియ ఆరంభమైనది. సంస్థ చిక్కులు పాఠము మంచిచెడ్డలను నిర్ణయింపవు. అయినను పాఠ్యపుస్తకము ప్రభుత్వ ముద్రణాలయములో ఉండి, టాబ్లెటులోని పాఠము ఒక వ్యాపార సంస్థ లెక్కలలో ఉండుట ఎంత భేదమో దీనివలన తెలియుచున్నది. తాళముచెవి ఉపాధ్యాయుని చేతిలో లేకపోవుట ఒక లోటు. పాఠపు హక్కు ప్రజలచేతిలో లేకపోవుట అంతకంటె పెద్ద లోటు.

మొదటి గీటురాయి, అనగా చదువుకు తగినదా అను ప్రశ్నకు, పెరూ దేశము ఒక హెచ్చరిక చేయుచున్నది. పిల్లవానికొక లాప్‌టాప్ అను పథకమును అచ్చట 319 గ్రామీణ పాఠశాలలలో పరిశీలించి ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 2012లో ఫలితములను ప్రకటించిరి. కంప్యూటరు వాడకము విశేషముగా పెరిగెను. గణితములోగాని, భాషలోగాని అభివృద్ధి కనబడలేదు. వస్తువు అందినది, వస్తువుతో చేయవలసిన పాఠము ఉపాధ్యాయునికి అందలేదు.

ఉపాధ్యాయుని చేతిలో చెవి ఉన్నచో

ఉపాధ్యాయునికి చెవి ఎందుకు కావలెనో ఒక భౌతికశాస్త్ర ప్రయోగము చెప్పగలదు. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయము 2016లో ఫైఫాక్స్ అను ఉచిత అనువర్తనమును విడుదల చేసినది. ఫోనులోని త్వరణమాపకమును, మైక్రోఫోనును, అయస్కాంత మాపకమును ఇది ప్రయోగశాల పరికరములుగా మార్చును. శబ్దవేగమును కొలుచుటకు రెండు ఫోనులు, ఒక టేపు చాలును. ఫోనులను 5 మీటర్ల దూరమున నేలపై పెట్టి, రెండింటిలోను శబ్దముతో నడచు గడియారమును సిద్ధము చేయవలెను. మొదటి ఫోను దగ్గర ఒక విద్యార్థి చప్పట్లు కొట్టగా రెండు గడియారములు మొదలగును; రెండవదానికి శబ్దము చేరుట ఆలస్యము కనుక అది కొంత వెనుకగా మొదలగును. తరువాత రెండవ ఫోను దగ్గర మరియొకరు చప్పట్లు కొట్టగా రెండును ఆగును. ఈసారి మొదటిది వెనుకగా ఆగును. రెండు గడియారములు చూపు కాలములలోని భేదము, శబ్దము 10 మీటర్లు పోవుటకు పట్టిన కాలము. అది సుమారు 0.029 సెకండు వచ్చును. పదిని దానిచే భాగించినచో సెకండుకు సుమారు 340 మీటర్లు.

ఇది పల్లెటూరి వరండాలో జరుగగల ప్రయోగము. కాని కొత్త అనువర్తనములను చేర్చనీయకుము, మైక్రోఫోనును ఆపుము అను రెండు ఆజ్ఞలు కేంద్రమునుండి వచ్చియున్నచో, టాబ్లెటు చేతిలో ఉండియు ప్రయోగము జరుగదు. ఆ ఆజ్ఞలు చెడ్డవి కావు. పిల్లల రక్షణకై ఇచ్చినవే. వానిని ఒక్క గంటసేపు సడలించు అధికారము ఎదుటనున్న ఉపాధ్యాయునికి లేకపోవుటయే చెడ్డది. రాజధానిలో కూర్చున్న అధికారికి నేడు 9వ తరగతిలో శబ్దపాఠము జరుగుచున్నదని ఎట్లు తెలియును? అనుమతికై వ్రాసిన ఉత్తరమునకు జవాబు వచ్చునప్పటికి పాఠము కాంతికి మారియుండును. అట్టి ఏర్పాటులో ఉపాధ్యాయుడు గురువుగా గాక, ఇతరుల తాళమునకు కావలివాడుగా మిగులును. అతనికి మిగిలిన సురక్షితమైన మార్గము టాబ్లెటులను బీరువాలో పెట్టుటయే. మొదట చెప్పిన సూక్ష్మదర్శిని గతియే వీనికిని పట్టును.

వేరొక మార్గము అసాధ్యము కాదు. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకము, దాని వారసత్వముగా వచ్చిన కైట్ సంస్థ, పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వ్యాపింపజేసినవి. దానిని విప్పి చూచు హక్కు, మార్చు హక్కు ప్రజలకున్నది. 2018లో లిటిల్ కైట్స్ అను విద్యార్థి సంఘములను ఉన్నత పాఠశాలలలో నెలకొల్పిరి. ఆ పిల్లలు సాఫ్ట్‌వేరు నేర్చుకొనుటయేగాక, పాఠశాల పరికరముల సంరక్షణలో కూడ తోడ్పడుదురు. లాస్ ఏంజిలిస్ పిల్లలలో తాళము విప్పుటకు పనికివచ్చిన కుతూహలమే ఇచ్చట పరికరమును కాపాడుటకు పనికివచ్చుచున్నది. కుతూహలము ఒకటే, దానిని నిలిపిన చోటు వేరు.

వ్రాతమూలక షరతులు

భారత పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారమును వాడుటకు తలిదండ్రుల అనుమతి కావలెనని, వారి నడవడిపై నిఘా కూడదని చెప్పినది. 2025 నవంబరులో వెలువడిన నియమములు, చదువు అవసరములకు, పిల్లల క్షేమమునకు విద్యాసంస్థలు చేయు పర్యవేక్షణకు మినహాయింపు ఇచ్చినవి. మినహాయింపు సమంజసమే. కాని లోయర్ మెరియన్‌లో కూడ కెమెరా కన్ను తెరువబడినది వస్తువుల క్షేమమునకే! చట్టము తలుపును కొంత తెరచియుంచినప్పుడు, ఆ తలుపు దగ్గర నిలువవలసిన బాధ్యత పాఠశాలపై పడును.

ఇందుకు పెద్ద గ్రంథములు అక్కరలేదు. తలిదండ్రుల సభలో చదివి వినిపింపదగిన ఒక పుట తెలుగు కాగితము చాలును. ఏవి మూయబడినవి, ఎందుకు మూయబడినవి అని అందులో ఉండవలెను. పాఠమునకు కావలసినప్పుడు ఏ ఉపాధ్యాయుడు ఆనాడే తెరువగలడో ఉండవలెను. పరికరము ఏ సమాచారమును నమోదు చేయును, దానిని ఎవరు చూతురు, ఎన్ని దినములకు తుడిచివేయుదురు అని ఉండవలెను. ఇంటిలోనున్న పరికరపు కెమెరాను, మైక్రోఫోనును దూరమునుండి ఎవరును తెరువరాదని స్పష్టముగా ఉండవలెను. సరిగా వాడుచుండగా పగిలిన వస్తువునకు ఉపాధ్యాయుని జీతముగాని, పిల్లవాని తండ్రి కూలిగాని పట్టుకొనరాదని కూడ ఉండవలెను. ఈ చివరి వాక్యము లేనిచో పై వాక్యములన్నియు ఉండియు బీరువా తెరుచుకొనదు.

ఇంటికి సంబంధించిన షరతులు ఇంకను తేలికైనవి. రాత్రి ఫోనులన్నియు ఒకేచోట, పడకకు దూరముగా, ఛార్జింగు పెట్టవలెను. ఆ అన్నియు అనుమాటలో తండ్రి ఫోను కూడ చేరవలెను. చదువుకై ఇంటి ఫోను ఇచ్చు వేళ కూతురికిని, కొడుకుకును సమముగా ఉండవలెను. తల్లి చదువుకొననిదైనను, ఏమి చూచుచున్నావని అడుగు హక్కు ఆమెకున్నది. దానిని చూపి చెప్పు అలవాటు పిల్లలకు ఉండవలెను. ఏ నిర్వహణ సాఫ్ట్‌వేరును చేయలేని పని ఈ ఒక్క ప్రశ్న చేయగలదు. ఏలయనగా తాళమునకు పేరు మాత్రమే తెలియును. తల్లికి బిడ్డ తెలియును.

యునెస్కో నివేదిక ప్రభుత్వములను అడిగిన ప్రశ్నను పాఠశాలలు తమకు తామే వేసికొనవలసిన కాలము వచ్చినది. తాళము వేయుట తప్పు కాదు. చిన్న పిల్లలకు అది అవసరము కూడ. కాని 6వ తరగతి పిల్లవానికి వేసిన తాళమే 10వ తరగతి విద్యార్థికిని వేసి, పాఠశాల విడిచిన మరునాడు అతనిని తాళము లేని ప్రపంచములోనికి పంపుట చదువు అనిపించుకొనదు. ఏటేట కొంత కొంతగా చెవిని విద్యార్థి చేతికే అందించుచు, చివరకు తాళము లేకుండనే తనను తాను నడుపుకొనగలవానిగా చేయుట పాఠశాల పని. పలకను ఎంత భద్రముగా తిరిగి ఇచ్చినాడని గాక, తాళము తీసిన పలకతో ఏమి చేయగలిగినాడని చూచినప్పుడే ఆ పని జరిగినదో లేదో తెలియును.